దాహమడిగిన కృప: కర్నూలు, కడప నేపథ్యంలో సమరయ స్త్రీ కథ - పునఃపఠనం

వ్యాస సంగ్రహం

యోహాను సువార్త 4వ అధ్యాయంలోని సమరయ స్త్రీ వృత్తాంతం తెలుగు క్రైస్తవ ప్రసంగ సంప్రదాయంలో ఎక్కువగా పతితోద్ధరణ కథగానే వినిపిస్తుంది. కృప అంటే పైనున్నవాడు కిందనున్నవారిపై చూపే దయ అన్న భావన ఆ పఠనానికి ఆధారం. నీటి కరవూ, నీటి చుట్టూ అల్లుకున్న అంటరానితనమూ కలిసి ఉన్న కర్నూలు, కడప ప్రాంతాల అనుభవం నుంచి ఈ కథను మళ్ళీ చదివితే కృపకు మరో అర్థం కనిపిస్తుంది. ఇక్కడ ఇచ్చేవాడు ముందుగా అడుగుతాడు. అంటరానిదని లోకం తోసివేసిన చేతి నీళ్ళు కోరడమే అతడు చూపిన అంగీకారం. తెలుగు అనువాదంలోని కొన్ని మాటల ఆధారంగానూ, వామన చరిత్ర, అహోబిల చెంచులక్ష్మి గాథ, జాషువ 'గబ్బిలం' వంటి తెలుగు సందర్భాలతో పోల్చి చూస్తూనూ ఈ వ్యాసం ఆ అర్థాన్ని పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సమరయ స్త్రీ, కృప, అంగీకారం, దాహం, పొత్తు, బుగ్గ, రాయలసీమ, దళిత క్రైస్తవం

1. ఉపోద్ఘాతం

కడపలో లండన్ మిషనరీ సొసైటీ 1822లో తన కేంద్రాన్ని నెలకొల్పింది. తర్వాతి దశాబ్దాల్లో నంద్యాల, కర్నూలు పరిసరాల్లోనూ వేర్వేరు మిషన్లు పని ప్రారంభించాయి. వాటి మాట విన్నవారిలో అత్యధికులు మాల, మాదిగ వాడల ప్రజలు. 1876-78 నాటి మహాక్షామం ఈ రెండు జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. తుంగభద్ర నీటిని సుంకేసుల దగ్గర మళ్ళించి తెచ్చిన కర్నూలు - కడప కాలువ 1860లలోనే తవ్వకం మొదలైనా, దాని ఆయకట్టుకు దూరంగా ఉన్న మెట్ట గ్రామాలకు బావే దిక్కు. ఆ బావి దగ్గర ఎవరు చేద వేయవచ్చు, ఎవరు దూరంగా నిలబడి ఎదురుచూడాలి అన్నది కులం నిర్ణయించింది. సువార్త కథలు ఈ నేలకు చేరేనాటికి ఇక్కడ నీటికి ఉన్న సామాజిక అర్థం ఇది.

ఇటువంటి నేలకు సమరయ స్త్రీ కథ అతి దగ్గరగా ఉండవలసింది. మిట్టమధ్యాహ్నం, బావి, కుండ, దాహం, అంటు: కథలోని పరికరాలన్నీ ఇక్కడివారికి వివరణ అక్కర్లేనివే. అయినా ఈ కథకు స్థిరపడిన ప్రచార రూపంలో నీటి అంటు వెనక్కి పోయి, స్త్రీ శీలం ముందుకు వచ్చింది. అయిదుగురు భర్తలున్న స్త్రీ, ముఖం చాటేసి మధ్యాహ్నం పూట బావికి వచ్చిన స్త్రీ, క్షమాభిక్ష పొందిన స్త్రీగానే ఆమె పరిచితురాలైంది. ఈ మార్పు వల్ల కథలోని కృపా భావన ఎంత కుంచించుకుపోయిందో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పాపిని పఠనం: పాఠ్యం ఏమంటోంది?

కథాంశం ఇది. యూదయ నుంచి గలిలయకు వెళుతూ యేసు సమరయ మార్గంలో సుఖారు అనే ఊరి దగ్గరకు వస్తాడు. ప్రయాణపు అలసటతో యాకోబు బావి దగ్గర కూర్చుంటాడు. శిష్యులు ఆహారం కొనడానికి ఊళ్ళోకి వెళతారు. నీళ్ళకు వచ్చిన స్త్రీని అతడు దాహం అడుగుతాడు. యూదుడివై ఉండి నన్నెలా అడుగుతున్నావని ఆమె ప్రశ్నిస్తుంది. సంభాషణ జీవజలం మీదికి, ఆమె భర్తల మీదికి, ఆరాధనా స్థలం మీదికి, మెస్సీయ మీదికి సాగుతుంది. ఆమె కుండ విడిచి ఊళ్ళోకి వెళ్ళి అందరినీ పిలుస్తుంది. ఊరివారు అతణ్ణి ఉండమని వేడుకుంటారు. అతడు అక్కడ రెండు రోజులు ఉంటాడు.

ఈ వృత్తాంతంలో యేసు ఆమెను పాపి అనడు. నీ పాపాలు క్షమించబడ్డాయని చెప్పడు. ఇకపై పాపం చేయవద్దని హెచ్చరించడు. ఆ హెచ్చరిక అదే సువార్త 8వ అధ్యాయంలో మరొక స్త్రీకి చెందినది. ప్రసంగ సంప్రదాయం ఈ ఇద్దరినీ ఒకరిగా కలిపివేసినట్లు కనిపిస్తుంది. భర్తల ప్రస్తావన వచ్చినప్పుడు అతడు ఇచ్చిన తీర్పు ఆమె సత్యవాదిత్వం గురించి మాత్రమే. ఆమె చెప్పింది నిజమని ఒకటికి రెండుసార్లు ఒప్పుకుంటాడు.

ఆమెకు అయిదుగురు భర్తలు ఎందుకయ్యారో పాఠ్యం చెప్పదు. మోషే ధర్మశాస్త్రంలో విడాకుల పత్రం రాసి ఇచ్చే అధికారం పురుషుడిది. సంతానం లేకుండా భర్త చనిపోతే అతని సోదరుడు ఆమెను భార్యగా స్వీకరించే ఆచారం కూడా అందులో ఉంది. ఆ నేపథ్యంలో అయిదు వివాహాల వెనుక మరణాలు ఉండవచ్చు, పరిత్యాగాలు ఉండవచ్చు. తెలుగు అనువాదం ఈ సందర్భంలో 'పెనిమిటి' అనే ఇంటి మాట వాడింది. శ్రామిక కులాల్లో మారుమనువు ఆచారంగా ఉన్న సమాజంలో, కరవులూ రోగాలూ ఇళ్ళను ఖాళీ చేసిన ప్రాంతంలో, అయిదుగురు పెనిమిట్లు అన్న మాట మొదట దుఃఖాన్ని స్ఫురింపజేయాలి. దానిని శీల దోషంగా వినడం మారుమనువును నీచంగా చూసే పై కులాల విలువలతో వినడమే. వాడ స్త్రీల జీవితానికి దగ్గరగా ఉన్న కథ, వాడలోనే, వారికి పరాయిదైన కొలబద్దతో బోధించబడింది.

మధ్యాహ్నం వేళ గురించి కూడా ఇదే చెప్పాలి. ఊరి ఆడవాళ్ళ మాటలు తప్పించుకోవడానికే ఆమె ఆ వేళకు వచ్చిందన్నది వ్యాఖ్యాతల ఊహ. పాఠ్యం వేళ చెప్పింది, కారణం చెప్పలేదు. ఎండాకాలంలో ఊట తగ్గిన బావి దగ్గర మళ్ళీ నీరు ఊరే దాకా ఏ వేళకైనా కాచుకునే స్త్రీలను ఎరిగిన సీమ పాఠకులకు ఆ కారణం తప్పనిసరి అనిపించదు. పైగా ఊరు వెలివేసిన స్త్రీ మాట విని ఊరంతా బావి దగ్గరకు ఎలా కదిలి వచ్చింది? పాపిని పఠనం దగ్గర ఈ ప్రశ్నకు సమాధానం లేదు.

3. దాహం, పాత్ర, పొత్తు

తెలుగులో దాహం అంటే దప్పిక, తాగే నీరు కూడా. దాహం వేస్తోంది, దాహం ఇవ్వండి అనే రెండు వాడుకల్లో కొరతా, ఆ కొరత తీర్చేదీ ఒకే మాటలో ఉన్నాయి. యేసు తొలి మాటను అనువాదకులు ఈ వాడుకలోనే తెలుగు చేశారు. అందువల్ల అతని కోరిక తెలుగు వీథిలో బాటసారి గడప ముందు నిలబడి అడిగే మామూలు అభ్యర్థనలా వినిపిస్తుంది. ఆమె ఆశ్చర్యం అందుకే మరింత పదునుగా తోస్తుంది.

ఆ ఆశ్చర్యానికి కారణంగా 9వ వచనం యూదులకూ సమరయులకూ మధ్య ఉన్న ఎడాన్ని చెబుతుంది. తెలుగు పాత అనువాదం అక్కడ 'సాంగత్యం' అనే మాట వాడింది. మూల గ్రీకు క్రియకు కలిసి వాడుకోవడం అనే అర్థం కూడా ఉందనీ, ఒకే పాత్రను ఉమ్మడిగా వాడరని దానిని గ్రహించాలనీ డేవిడ్ డౌబే అనే పండితుడు 1950లో ప్రతిపాదించాడు. ఈ ప్రతిపాదనను అందరూ అంగీకరించలేదు. అయినా యేసు చేతిలో చేద లేదు, తాగాలంటే ఆమె పాత్రతోనే తాగాలి అన్న కథా సన్నివేశం దానికి బలం చేకూరుస్తుంది.

'సాంగత్యం' స్నేహాన్నీ సహవాసాన్నీ సూచించే మెత్తని సంస్కృత పదం. ఇక్కడి అర్థాన్ని పట్టగల దేశి పదం తెలుగులో ఉంది. అది 'పొత్తు'. ఒకే కంచంలో తినేవారిది కంచం పొత్తు. ఆ మాటలో పంచుకోవడం ఉంది, పంచుకుంటే అంటుకునే సంబంధమూ ఉంది. యూదులకు సమరయులతో పొత్తు లేదు అని వింటే మెట్ట పల్లెలోని శ్రోతకు సంగతి వెంటనే తెలుస్తుంది. వాడవారికి దోసిలి పట్టించి పైనుంచి నీళ్ళు పోసే పద్ధతీ, టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతీ పొత్తు నిరాకరణకు రూపాలే. దోసిలిలోకి పోసే నీటిలో దయ ఉండవచ్చు. అందులో పాత్ర తగలదు, చెయ్యి తగలదు. పోసేవాడి ఎత్తు తగ్గదు. దాహం తీరినా దూరం అలాగే మిగులుతుంది.

ఈ కథలో కృప ఏ దిశలో కదిలిందో గుర్తించడానికి దోసిలి ఒక కొలమానం. సమరయ స్త్రీకి నీళ్ళు పోసి ఉంటే యేసు దయాళువు అనిపించుకునేవాడు. అతడు ఆమె నీళ్ళు అడిగాడు. ఆమె చేద, ఆమె కుండ, ఆమె చెయ్యి తనకు కావాలన్నాడు. అంటరానితనంలో అసలు పరీక్ష ఇచ్చే దగ్గర ఉండదు, పుచ్చుకునే దగ్గర ఉంటుంది. కపిలె బావుల్లో నీరెత్తే తోలు బొక్కెనను కుట్టిందీ బాగుచేసిందీ మాదిగలు. ఆ బొక్కెన తోడిన నీటితో పండిన పంటకు అంటు లేదు. దానిని కుట్టిన మనిషి చేతి నీళ్ళకు మాత్రం అంటు ఉంది. శ్రమను పుచ్చుకుని చేతిని తోసివేసే ఈ ఏర్పాటుకు నీ చేతి నీళ్ళివ్వు అన్న అభ్యర్థన నేరుగా ఎదురు నిలుస్తుంది.

భారత రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువుల వాడకంలో వివక్షను నిషేధించింది. 1927లో మహద్ చెరువు నీటిని తాగి అంబేద్కర్ నడిపిన సత్యాగ్రహం ఆ హక్కుకు ముందు నడక. హక్కు ఊరి నీటిని వాడకు తెరిచింది. వాడ చేతి నీటిని ఊరు పుచ్చుకోవాలని చట్టం ఆదేశించలేదు. సమరయ కథ ఈ రెండో మెట్టు దగ్గర మొదలవుతుంది.

4. అయ్యా, అమ్మా

తెలుగు అనువాదం ఈ కథకు చేసిన ఒక మేలును విమర్శకులు గుర్తించవలసి ఉంది. 21వ వచనంలో యేసు ఆమెను పిలిచే గ్రీకు మాటకు స్త్రీ అనే అర్థం. అది ఆ భాషలో అవమానకరం కాదు, ప్రత్యేక గౌరవమూ కాదు. తెలుగు అనువాదకులు దానిని 'అమ్మా' అన్నారు. ఆమె అంతకు ముందే అతణ్ణి 'అయ్యా' అని సంబోధించి ఉంది. ఈ రెండు సంబోధనలూ కలిసి తెలుగులో ఒక జంటగా నిలిచాయి. మూలంలో ఇంత స్పష్టంగా లేని సమానత తెలుగు పాఠ్యంలో వినిపిస్తుంది.

వాడ స్త్రీ ఊరివారిని అయ్యా, దొరా అనడం, ఊరివారు ఆమెను వయసుతో పనిలేకుండా ఏమే, ఒసే అనడం పల్లెలో పాతుకుపోయిన మర్యాదా భేదం. ముసలామెను సైతం పేరు పెట్టి ఏకవచనంలో పిలిచే పిల్లవాడు ఆ వ్యవస్థకు వారసుడు. అయ్యా అన్నందుకు బదులుగా అమ్మా అన్న పిలుపు వినడం వాడ శ్రోతకు చిన్న విషయం కాదు. జీవజలం గురించిన వేదాంతం అర్థం కాకపోయినా ఈ పిలుపు అర్థమవుతుంది. ఈ అంగీకారం ఆమెకు సంబోధనలోనే అందింది.

5. చేద, బావి, బుగ్గ

కృప అనే పదం ఈ అధ్యాయంలో లేదు. యోహాను సువార్తలో అది 1వ అధ్యాయపు ప్రస్తావనలో మాత్రమే కనిపిస్తుంది. తర్వాత రచయిత ఆ పదాన్ని వదిలేసి సంఘటనలనే చూపాడు. సమరయ కథలో దాని స్థానంలో వచ్చిన మాట దేవుని వరం. ఆ వరానికి ఇచ్చిన ప్రతీక నీరు.

గ్రీకు పాఠ్యం నీటి వనరుకు రెండు మాటలు వాడుతుంది. ఒకటి ఊటను, రెండోది తవ్విన బావిని తెలుపుతుంది. 6వ వచనంలో యాకోబు బావిని కూడా ఊట అనే మాటతోనే చెప్పిన రచయిత, ఆమె నోట బావి అనిపించి, 14వ వచనంలో మళ్ళీ ఊటకు వస్తాడు. తెలుగు అనువాదంలో మొదటిచోట బావి అని ఉంది. 14వ వచనంలో మాత్రం 'బుగ్గ' అనే మాట వచ్చింది. ఈ ఎంపిక కర్నూలు, కడప శ్రోతలకు ప్రత్యేకంగా పలుకుతుంది. కడప పట్టణం గుండా పారే వాగు పేరు బుగ్గవంక. ఓర్వకల్లు ప్రాంతంలో కాల్వబుగ్గ ఉంది. మహానంది కోనేరు నిరంతరం ఊరే ఊటలకు ప్రసిద్ధి. చుట్టూ ఎండిన నేలలో బుగ్గ ఉన్న చోటు తీర్థమైంది, ఊరి పేరైంది.

బావికీ బుగ్గకూ మధ్య తేడా లోతులో మాత్రమే లేదు. బావి లోతైనదనీ, చేదుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదనీ ఆమె అన్న మాటలో నీటి రాజకీయమంతా ఉంది. బావికి చేద కావాలి, చేంతాడు కావాలి, గట్టు మీద నిలబడే హక్కు కావాలి. తవ్వించినవారి పేరు బావికి ఉంటుంది. ఇది మా తండ్రి యాకోబు ఇచ్చిన బావి అని ఆమె కూడా వంశ హక్కునే చాటుకుంది. బుగ్గకు తవ్వించినవాడు లేడు. అది తనంతట తాను పైకి ఉబుకుతుంది.

అయితే ప్రతీకను ఇంతటితో ఆపితే సరిపోదు. సీమలోని బుగ్గల చుట్టూ గుడులు వెలిశాయి, గుడుల చుట్టూ కుల నియమాలు వెలిశాయి. సహజంగా ఊరే నీటికి కూడా మనిషి కంచె వేయగలిగాడు. సువార్త పాఠ్యం ఊటను ఏ స్థలంలోనూ పెట్టక తాగినవారి లోపల పెట్టడానికి సీమ అనుభవం ఒక కొత్త సమర్థనను ఇస్తుంది. మనిషి లోపల ఊరే బుగ్గకు గట్టు కట్టలేరు. దాని దగ్గర కాపలా పెట్టలేరు. దాహం ఇవ్వమని అడిగిన తర్వాతే ఈ మాట రావడం కూడా గమనించదగ్గది. ఇవ్వగలిగినదానిగా ఆమెను మొదట గుర్తించాడు. తర్వాత ఆమెలోనే ఊట ఉండగలదన్నాడు.

6. అడిగే దేవుడు: రెండు తెలుగు సందర్భాలు

దేవుడు చెయ్యి చాచి అడగడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని వామన చరిత్రలో విష్ణువు బలిని మూడడుగుల నేల అడుగుతాడు. దేవుని చెయ్యి కింద, తన చెయ్యి పైన ఉండే భాగ్యం దొరికిందని బలి పొంగిపోతాడు. ఒంటిమిట్టను పోతనతో ముడిపెట్టే సంప్రదాయం వల్ల ఆ పద్యం కడప ప్రాంతపు సాహిత్య జ్ఞాపకంలో భాగమైంది. ఇచ్చే చేతికి పుచ్చుకునే చేతి కన్నా ఎత్తు ఉందన్న ఎరుక ఆ పద్యానికి ప్రాణం. సమరయ బావి దగ్గర కూడా చేతుల స్థానం ఇదే. భేదం ఇచ్చేవారి స్థితిలో ఉంది. బలి చక్రవర్తి. అతని చేతికి ఎత్తు ముందే ఉంది. వామనుడు ఆ ఎత్తును దించడానికి వచ్చాడు. సమరయ స్త్రీ చేతికి లోకం ఇచ్చిన ఎత్తు ఏమీ లేదు. అడగడం వల్లనే ఆ చెయ్యి పైకి లేచింది.

రెండో సందర్భం పాత కర్నూలు జిల్లాలోని అహోబిలానిది. నరసింహుడు చెంచు ఆడబిడ్డను వలచి చేపట్టాడన్న గాథ నల్లమల ప్రాంతంలో సజీవంగా ఉంది. దేవుడు అడవి బిడ్డల అల్లుడైన ఈ కథ కూడా అంగీకారపు కథే. అక్కడ అంగీకారం వివాహం ద్వారా జరిగింది. చెంచుల పిల్ల చెంచులక్ష్మిగా దేవుని కుటుంబంలో చేరింది.

సమరయ కథతో దీనిని పోల్చడానికి ప్రత్యేక కారణం ఉంది. హీబ్రూ బైబిల్లో పరదేశి పురుషుడు బావి దగ్గర స్త్రీని కలిస్తే కథ పెళ్ళికి దారితీస్తుంది. ఇస్సాకు కోసం రిబ్కా, యాకోబుకు రాహేలు, మోషేకు సిప్పోరా ఆ విధంగానే దొరికారు. వీటిని ఒక మూస సన్నివేశంగా రాబర్ట్ ఆల్టర్ 1981లో విశ్లేషించాడు. యాకోబు బావి పేరు వినగానే తొలి శ్రోతలు పెళ్ళినే ఊహించి ఉంటారు. భర్తల ప్రస్తావన ఆ ఊహను ఇంకా పెంచుతుంది. అయినా కథ పెళ్ళి వైపు పోదు. ఆమెను ఎవరూ చేపట్టరు. ఆమె సమరయ స్త్రీగానే మిగిలి, ఆ గుర్తింపుతోనే ఊరికి సాక్షి అవుతుంది. అహోబిల గాథ అంగీకారాన్ని బంధుత్వంగా ఊహించింది. ఈ కథ బంధుత్వం లేని అంగీకారాన్ని ఊహించింది. కులాంతర వివాహం ఒక్కటే కులానికి మందు అనుకునే చర్చల్లో ఈ భేదానికి విలువ ఉంది. పెళ్ళితో కలుపుకోకుండానే ఎదుటి మనిషి నీళ్ళు తాగగలగడం దానికన్నా ప్రాథమికమైన ప్రశ్న.

7. ఏ కొండ మీద?

భర్తల ప్రస్తావన వెంటనే ఆమె ఆరాధనా స్థలం సంగతి ఎత్తుతుంది. మా పితరులు ఈ కొండ మీద ఆరాధించారు, మీరేమో యెరూషలేము అంటారు అన్నది ఆమె ప్రశ్న సారం. ఇబ్బందికరమైన సంగతి నుంచి మాట మార్చడానికే ఆమె ఇది ఎత్తిందని చెప్పడం పాపిని పఠనానికి పరిపాటి. గుడి వాకిట నిలువరించబడిన సమాజాల దృష్టితో చూస్తే ఇది మాట మార్పు అనిపించదు. ప్రవక్త దొరికినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే అవుతుంది.

గుర్రం జాషువ 'గబ్బిలం' (1941) కథానాయకుడు గుడిలోకి పోలేని దళితుడు. గుడిలో వేలాడగలిగిన గబ్బిలం ద్వారా శివుడికి తన మొర పంపుకుంటాడు. దేవుడెక్కడ అన్న ప్రశ్న అతనికి తత్త్వ విచారం కాదు, నిత్య జీవిత సమస్య. క్రైస్తవుడిగా పుట్టి 'గబ్బిలం'లో శివుణ్ణి వేడుకున్న జాషువే తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. ఏ కొండ మీద అన్న ప్రశ్న ఆ కవి సాహిత్య జీవితం పొడవునా వ్యాపించి ఉంది. సమరయ స్త్రీకి దొరికిన జవాబు రెండు స్థలాల గుత్తాధిపత్యాన్నీ తోసిపుచ్చుతుంది. ఆ జవాబు ఆమె అడిగినందువల్లే వచ్చింది. సువార్తలోని అతి గంభీరమైన వేదాంత సంభాషణల్లో ఒకటి పేరు లేని ఒక స్త్రీ ప్రశ్నకు బదులుగా పుట్టింది.

8. విడిచిన కుండ, రెండు రోజుల బస

ఆమె కుండ విడిచి వెళ్ళడాన్ని పాత జీవితాన్ని విడిచిపెట్టడంగా ప్రసంగికులు వివరిస్తారు. నీటి కోసం మైళ్ళు నడిచిన స్త్రీలకు కుండ పాపపు గుర్తు కాదు. అది బతుకు ఆధారం. దానిని బావి గట్టున వదిలి వెళ్ళిందంటే అక్కడున్న మనిషి మీద నమ్మకం ఉండాలి. అతని దాహం ఇంకా తీరలేదన్న ఎరుక కూడా ఉండవచ్చు. యేసు నీళ్ళు తాగాడని పాఠ్యం ఎక్కడా చెప్పదు. దాహంతో ఉన్నవాడి దగ్గర ఆమె పాత్ర మిగిలి ఉందని మాత్రం చెబుతుంది. పొత్తు లేదన్న కట్టుబాటు ఆ పాత్ర దగ్గర తెగిపోయింది.

కథ ముగింపు ఈ పఠనాన్ని బలపరుస్తుంది. సమరయులు అతణ్ణి ఉండమంటారు. అతడు రెండు రోజులు ఉంటాడు. రెండు రోజులంటే వారి ఇంటి నీడ, వారి వంట, వారి నీళ్ళు. వాడలో బోధించి సాయంత్రానికి బంగళాకు తిరిగి వెళ్ళే బోధకుడికీ, వాడలోనే రెండు రాత్రులు నిద్రచేసే అతిథికీ ఉన్న తేడా ఈ రెండు రోజుల్లో ఉంది. ఆమెను దాహం అడిగినవాడు చివరికి ఊరంతటికీ అతిథి అయ్యాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణను పరిగణించాలి. బోట్స్వానాకు చెందిన విదుషి మూసా డూబే 1996లో ఈ అధ్యాయాన్ని వలసవాద వ్యతిరేక దృష్టితో చదివి, ఇది పరాయి నేల మీదికి అధికారంతో వెళ్ళే మిషన్‌కు నమూనా అయిందని విమర్శించింది. సమరయులను కోతకు వచ్చిన పంటగా చెప్పే 35వ వచనం ఆ విమర్శకు బలమిస్తుంది. సామ్రాజ్యం నీడలో మిషన్ వచ్చిన కడప చరిత్రకు కూడా ఈ ప్రశ్న తగులుతుంది. పైగా చివర ఊరివారు ఇప్పుడు నీ మాటను బట్టి కాదు, మేమే విన్నామని ఆమెతో అంటారు. ఆమె మాటతో కదిలిన ఊరు ఆమె మాట అక్కర్లేని చోటికి చేరుతుంది. పాఠ్యం ఆమెకు పేరు కూడా ఇవ్వలేదు. ఫోటీనీ అన్న పేరు తూర్పు సంఘాల సంప్రదాయం తర్వాత ఇచ్చినది. ఈ లోపాలను కప్పిపుచ్చనక్కర్లేదు. అయితే మిషన్ నమూనాను ప్రశ్నించే ఆధారం కూడా ఈ అధ్యాయంలోనే ఉంది. వచ్చినవాడు చేద లేకుండా వచ్చాడు, అడిగి మొదలుపెట్టాడు, వారి ఇంట ఉన్నాడు. పంట మాటతో పాటు దాహం మాటను కూడా చదివితే వచ్చినవాడి అధికారానికి హద్దు ఏర్పడుతుంది.

9. ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, సమరయ స్త్రీని పాపినిగా చూపే పఠనానికి పాఠ్యంలో తగిన ఆధారం లేదు. ఆ పఠనం కథలోని అంటు సమస్యను మరుగుపరిచింది. రెండు, తెలుగు అనువాదంలోని దాహం, అమ్మా, పెనిమిటి, బుగ్గ వంటి వాడుక పదాలు మూలార్థాన్ని స్థానిక అనుభవానికి దగ్గర చేశాయి. 'సాంగత్యం' వంటి మాట దానిని దూరం చేసింది. మూడు, ఈ కథలో కృప అభ్యర్థన రూపంలో వ్యక్తమైంది. అంగీకరించడమంటే ఎదుటివారి దగ్గర పుచ్చుకోవలసినది ఉందని ఒప్పుకోవడం.

ఈ మూడో విషయం సంఘాలకు కూడా వర్తిస్తుంది. ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకునే మాల, మాదిగ క్రైస్తవుల మధ్య పెళ్ళి పొత్తు, వంట పొత్తు ఎంత ఉందన్న ప్రశ్న ఇంకా తీరలేదు. పై కులాల నుంచి క్రైస్తవులైన వారికీ ఈ ప్రశ్న తప్పదు. పాపినిపై జాలి పడే శ్రోతకు ఏ ఇబ్బందీ లేదు. ఎవరి చేతి నీళ్ళు తాగుతున్నావని అడిగితే ప్రతి శ్రోతా లెక్క చెప్పుకోవాలి.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించిన ఎం.ఎం. వినోదిని తన నాటకానికి 'దాహం' అని పేరు పెట్టారు. ఊరి నీటి దగ్గర దళితులకు ఎదురైన నిరాకరణ దాని ఇతివృత్తం. లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని కుమార్తె కథగా తిరగరాసిన రచయిత్రి కూడా ఆమే. సువార్త కథలను వాడ స్త్రీల అనుభవంతో తిరిగి చదివే పని సృజన సాహిత్యంలో ఈ విధంగా ఇప్పటికే మొదలైంది. ప్రసంగాల్లోనూ పరిశోధనలోనూ అది ఇంకా జరగవలసి ఉంది. సమరయ బావి దగ్గర మొదటి మాట దాహమివ్వమన్నది. వ్యాఖ్యానం కూడా ఆ మాట దగ్గరే మొదలుకావాలి.